మంత్రగత్తెలు చంపమని చెప్పలేదు

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినపడుతోంది కదా? సరే, మొదలుపెడదాం.

షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ గురించి, అందులో ఉన్న రాజ్యకాంక్ష గురించీ జోస్యం గురించీ మాట్లాడమన్నారు. మీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివినవాళ్ళు ఉంటే పరీక్షలో వచ్చే ఎస్సే ప్రశ్న గుర్తుండే ఉంటుంది, మాక్‌బెత్ పతనానికి కారణం విధా, అతని అత్యాశా అని. గైడ్లలో జవాబు తయారుగా ఉంటుంది, కొంత అది, కొంత ఇది, మధ్యలో భార్య పోరు. మార్కులు పడతాయి, కాదనను. కానీ నాటకం దగ్గర పెట్టుకుని ఒక్కో సీనూ చదువుకుంటూ పోతే ఆ జవాబు నిలబడదు. ఎందుకంటే ఆ ముగ్గురు మంత్రగత్తెలు మొదటి అంకం నుంచి చివరిదాకా ఎక్కడా, ఒక్కసారి కూడా, "రాజుని చంపు" అనలేదు. చంపితే రాజువవుతావని కూడా అనలేదు. రాజువవుతావు అన్నారు, అంతే. మిగతాదంతా విన్నవాడు కలుపుకున్నదే.

మొదటి అంకం మూడో సీను చూద్దాం. స్కాట్లాండ్ రాజు డంకన్ మీద తిరుగుబాటు జరిగింది, అదే అదనుగా నార్వే వాళ్ళు దండెత్తారు, ఇద్దరు సేనాపతులు, మాక్‌బెత్, బాంకో, యుద్ధం గెలిచి గుర్రాలూ హంగామా లేకుండా బీడు భూమిలో నడిచి వస్తున్నారు. ముగ్గురు ఆడవాళ్ళు ఎదురవుతారు, గడ్డాలున్నాయి కాబట్టి ఆడవాళ్ళనాలో లేదో తెలియడం లేదంటాడు బాంకో. వాళ్ళు మాక్‌బెత్‌కి మూడుసార్లు జయం చెప్తారు. గ్లామిస్ ప్రభువుకి జయం, కాడార్ ప్రభువుకి జయం, ముందు ముందు రాజు కాబోయే మాక్‌బెత్‌కి జయం. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, చాలామంది దాటేసి వెళ్ళిపోతారు. గ్లామిస్ తండ్రి నుంచి అతనికి అప్పటికే వచ్చేసిన పదవి, అది పాత కబురు. కాడార్ పదవి సంగతి మనం, అంటే ప్రేక్షకులం, దీనికి ముందు సీన్లోనే విన్నాం, కాడార్ ప్రభువు ద్రోహి అని తేలింది, అతన్ని చంపి ఆ పదవి మాక్‌బెత్‌కి ఇవ్వండని డంకన్ ఆర్డరు కూడా వేసేశాడు, అది ఇంకా మాక్‌బెత్‌కి చేరలేదు, అంతే తేడా. అంటే మూడిట్లో ఒకటి అయిపోయింది, ఇంకొకటి అప్పటికే నిర్ణయమైపోయింది. జోస్యం అనదగ్గది మూడోదొక్కటే. మొదటి రెండూ నమ్మకం కోసం వేసిన ఎర.

ఆ మూడో మాట వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. రంగసూచనలో కాదు, బాంకో నోటితోనే మనకి తెలుస్తుంది. "మంచి మాటే కదా చెప్పారు, దానికి భయపడినట్టు అలా ఉలిక్కిపడ్డావేంటి?" అని అడుగుతాడు. ఆలోచించండి, ఎవరైనా మనల్ని పట్టుకుని నువ్వు ముఖ్యమంత్రివవుతావంటే నవ్వుతాం, లేదా ఎగతాళి చెయ్యకండి అంటాం. ఉలిక్కిపడం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఆలోచన అప్పటికే లోపల ఉన్నవాడికే ఆ ఉలికిపాటు వస్తుంది. ఊహ కొత్తది కాదు, తన లోపలిది పక్కవాళ్ళకి ఎలా తెలిసిందా అని భయం.

అంతలో రాజు పంపిన రాస్ అనే ప్రభువు వచ్చి కాడార్ పదవి కబురు చెప్తాడు. బాంకో అప్పుడు ఒక మాట అంటాడు, నా దృష్టిలో నాటకం మొత్తానికి అదే తాళంచెవి. చీకటి శక్తులు మనల్ని చెడగొట్టడానికి తరచుగా నిజాలే చెప్తాయి, చిన్న చిన్న విషయాల్లో నిజం చెప్పి మనల్ని గెలుచుకుని అసలైన చోట ముంచుతాయి అని. ప్రలోభం అబద్ధంతో మొదలవదు అంటున్నాడు. అబద్ధమైతే మనం ఎక్కడో ఒకచోట పట్టేస్తాం.

ఇది షేక్‌స్పియర్ కూర్చుని అల్లుకున్న సిద్ధాంతం కాదు, ఆ కాలం వాళ్ళకి బాగా తెలిసిన సంగతి. నాటకం రాసింది 1606 ప్రాంతంలో. అప్పటి ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్, అంతకుముందు నుంచే స్కాట్లాండ్ రాజు, 1603లో ఇంగ్లండు గద్దె కూడా ఎక్కాడు. ఈయనకి మంత్రగత్తెల పిచ్చి. 1589లో డెన్మార్క్ రాజకుమారిని పెళ్ళి చేసుకుని ఓడలో తీసుకొస్తుంటే తుఫానులు వచ్చాయి, అవి మంత్రగత్తెలు పుట్టించిన తుఫానులేనని స్కాట్లాండ్‌లో నార్త్ బెరిక్ అనే ఊరి చుట్టుపక్కల వాళ్ళని పట్టి హింసించారు, విచారణలో రాజు స్వయంగా కూర్చున్నాడు. వాళ్ళలో ఆగ్నెస్ శాంప్సన్ అనే ఆవిడ చెప్పేదంతా మొదట రాజు నమ్మలేదట, మీరంతా పచ్చి అబద్ధాలకోరులు అన్నాడట. అప్పుడావిడ రాజుని కాస్త పక్కకి పిలిచి, పెళ్ళి రాత్రి ఆయనా రాణీ ఏం మాట్లాడుకున్నారో ఆ మాటలు చెవిలో చెప్పిందట. అంతే, రాజు నమ్మేశాడు. 1591లో అచ్చయిన ఒక కరపత్రంలో ఇదంతా ఉంది. అది నిజంగా జరిగిందా, కరపత్రం రాసినవాడు మసాలా వేశాడా అన్నది వేరే సంగతి. ఒక చిన్న నిజం, పరాయివాళ్ళకి తెలియడానికి వీల్లేని నిజం చెవిన పడితే ఎంత అనుమానం ఉన్నవాడైనా వెంటనే మెత్తబడతాడని ఆ కాలంలో అందరికీ తెలుసు అనడానికి చెప్తున్నాను. ఆ నమ్మకంతో ఆవిడకి దక్కింది మాత్రం ఉరి, చితి.

సరే, మళ్ళీ మన బీడు భూమికి. కాడార్ కబురు విన్న మాక్‌బెత్ పక్కకి తిరిగి తనలో తను మాట్లాడుకుంటాడు, అక్కడ వస్తుంది హత్య అన్న మాట. మొట్టమొదటిసారి. నా తలపులో హత్య ఇంకా ఊహ మాత్రమే, అదే నన్ను వణికిస్తోంది అంటాడు. మంత్రగత్తెలు వెళ్ళిపోయి ఎంతోసేపు కాలేదు, భార్య ఈ కబురు ఇంకా వినలేదు, ఆవిడ రంగం మీదకే రాలేదు. కాబట్టి ఆవిడే చెడగొట్టిందనే వాళ్ళు ఈ పేజీ ఒకసారి తిప్పి చూడాలి. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటాడు, అదృష్టం నన్ను రాజుని చెయ్యదలిస్తే నేను వేలు కదపకుండానే కిరీటం పెడుతుందిలే అని. కాడార్ అలాగే వచ్చింది కదా, ఏ ప్రయత్నమూ లేకుండా. అక్కడితో ఆగి ఉంటే నాటకం లేదు.

ఆగనివ్వలేదు డంకన్, పాపం తెలియకుండానే. తర్వాతి సీన్లో పెద్దకొడుకు మాల్కమ్‌ని వారసుడిగా ప్రకటిస్తాడు. ఇప్పుడు మాక్‌బెత్‌కి జోస్యం నిజమవ్వాలంటే దారిలో ఇద్దరు ఉన్నారు, ఇది నేను తొట్రుపడి పడాల్సిన మెట్టు, లేదా ఎగిరి దాటాల్సిన మెట్టు అనుకుంటాడు. నక్షత్రాల్లారా, మీ వెలుగు దాచుకోండి, నా నల్లటి కోరికలు ఎవరికీ కనపడకూడదు అంటాడు. ఇదే సీను మొదట్లో డంకన్ పాత కాడార్ గురించి చెప్తూ, మనిషి మొహం చూసి మనసు చదివే విద్య లేదయ్యా, అతన్ని నేను పూర్తిగా నమ్మాను అంటాడు. సరిగ్గా ఆ మాట నోట్లో ఉండగానే కొత్త కాడార్, అంటే మాక్‌బెత్, లోపలికి వస్తాడు. హాల్లో నాటకం చూస్తున్నప్పుడు ఇక్కడ నవ్వు రావాలి, నవ్వు రాకపోతే డైరెక్టరు తప్పు.

లేడీ మాక్‌బెత్ గురించి మామూలుగా చాలా ఎక్కువ మాట్లాడతారు, నేను ఒక్క సంగతే పట్టుకుంటాను. ఏడో సీను. రాజు ఇంటికొచ్చాడు, విందు జరుగుతోంది, మాక్‌బెత్ మధ్యలో లేచి బయటికి వచ్చేశాడు. ఒంటరిగా నిలబడి లెక్క వేసుకుంటాడు, ఈయన నాకు బంధువు, నేను ఈయన సేవకుణ్ణి, పైగా ఇంటికొచ్చిన అతిథి, తలుపు వేసి కాపాడాల్సినవాణ్ణి నేనే కత్తి పట్టడమేంటి, అన్నిటికీ మించి మంచి రాజు, ఈయన్ని చంపితే లోకమంతా ఏడుస్తుంది. చంపడానికి ఉన్న కారణం ఏంటయ్యా అంటే ఒక్క రాజ్యకాంక్ష, గుర్రం మీదకి మరీ ఎగిరి దూకి అవతలివైపు పడేవాడి లాంటిది అని తనే అంటాడు. చూడండి, ఇతనికి తెలియనిది ఏమీ లేదు, మనం ఈరోజు ఇక్కడ చెప్పుకోబోయేదంతా అతనే ముందే చెప్పేసుకున్నాడు. భార్య రాగానే, ఈ పని ఇక వద్దు అంటాడు కూడా.

ఆవిడ ఏం చేస్తుంది? ఈ సీన్లో ఆవిడ జోస్యం ఊసే ఎత్తదు. మంత్రగత్తెలు చెప్పారు కదా అనదు, విధి రాసిందనదు. ఈ పని నాకు చెప్పింది నువ్వే కదా, అప్పుడు మగాడివి, ఇప్పుడేమైంది అంటుంది. చేప కావాలి కానీ కాలు తడవకూడదనే పిల్లిలా బతుకుతావా అంటుంది. అప్పుడు అతను అడిగే ప్రశ్న చూడండి, "ఒకవేళ తప్పిపోతే?" అని. ఇందాకటిదాకా ఇది తప్పు అన్నవాడు ఇప్పుడు ఇది కుదరకపోతే అంటున్నాడు. పని అయిపోయింది అక్కడే. ఆ తర్వాత ఆవిడ ప్లాను చెప్తుంది, కాపలావాళ్ళకి బాగా తాగించి నేరం వాళ్ళ మీదకి తోసేద్దాం అని, అతను మెచ్చుకుంటాడు. ప్రలోభం అనేది తప్పొప్పుల చర్చలో గెలవదు, ఆ చర్చని పక్కకి జరిపి, వీలవుతుందా లేదా అన్న చర్చగా మార్చేస్తుంది. ఆఫీసుల్లో రోజూ చూస్తుంటాం.

హత్య రంగం మీద చూపించడు షేక్‌స్పియర్. అది అయ్యాక భార్యాభర్తలు చీకట్లో మాట్లాడుకునే మాటలు చూపిస్తాడు, ఒక్కో ముక్క. నువ్వేమైనా మాట్లాడావా? ఎప్పుడు? ఇప్పుడే. నేను దిగేటప్పుడా? ఆ. ఇంతే. అంతవరకూ పేజీలకి పేజీలు కవిత్వం చెప్పిన మనిషికి నోరు పెగలడం లేదు. నిద్రలో ఒకడు దేవుడా రక్షించు అన్నాడట, తథాస్తు అనబోతే గొంతులో ఇరుక్కుందట, అదే మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, నేనెందుకు అనలేకపోయాను, నాకే కదా ఎక్కువ అవసరం అని. రక్తంతో ఉన్న బాకులు అక్కడ వదిలెయ్యాల్సింది, చేత్తో పట్టుకొచ్చేశాడు. ఆవిడే తీసుకెళ్ళి పెట్టి వచ్చి, కాసిన్ని నీళ్ళతో కడుక్కుంటే పోతుందిలే అంటుంది. అయిదో అంకంలో అదే ఆవిడ నిద్రలో నడుస్తూ, చేతులు రుద్దుకుంటూ, అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చెయ్యి వాసన పోదు అంటుంది.

ఇప్పుడు బాంకో. నాకు ఈ నాటకంలో అందరికంటే ఆసక్తి కలిగించేవాడు ఇతనే, ఎందుకంటే అదే బీడు, అదే సమయం, అదే మంత్రగత్తెలు. ఇతనికీ జోస్యం చెప్పారు, నువ్వు రాజువి కావు, కానీ నీ వంశంలో రాజులు పుడతారు అని. ఇతను ఎవరినీ చంపలేదు. అందుకని పుస్తకాల్లో ఇతన్ని మంచివాడి గళ్ళో పెట్టేస్తారు. నేను ఒప్పుకోను, కనీసం పూర్తిగా ఒప్పుకోను. మూడో అంకం మొదట్లో, మాక్‌బెత్ రాజయ్యాక, బాంకో ఒంటరిగా ఏమంటాడో చదవండి. గ్లామిస్, కాడార్, రాజు, అన్నీ వచ్చాయి నీకు, దానికి నువ్వు అన్యాయమైన ఆట ఆడావని నా అనుమానం. మరి నీ విషయంలో వాళ్ళు నిజం చెప్పినప్పుడు నా విషయంలో ఎందుకు చెప్పకూడదు? అంతలో రాజు వస్తున్నాడని బాకా మోగుతుంది, ష్, ఇక చాలు అంటాడు. ఆ "ష్" దగ్గరే ఉంది అంతా. రాజు హంతకుడని అనుమానం ఉంది, పక్కనే మంత్రగత్తెల కథ తెలిసిన సాక్షి తనొక్కడే, నోరు విప్పడు. ఎందుకు విప్పడు? మాక్‌బెత్ జోస్యం అబద్ధమైతే తన కొడుకుల జోస్యమూ అబద్ధమే మరి. ఒకడు ఆశ కోసం కత్తి తీశాడు, ఇంకొకడు ఆశ కోసం ఊరుకున్నాడు. జేమ్స్ రాజు తనని తాను బాంకో వంశం అని చెప్పుకునేవాడు కాబట్టి షేక్‌స్పియర్ ఇంతకంటే గట్టిగా చెప్పలేడు. మూలకథ ఉన్న హోలిన్షెడ్ చరిత్రలో బాంకో హత్యలో భాగస్వామే, నాటకంలో అది తీసేశాడు. కానీ ఆ "ష్" ఉంచాడు, మెచ్చుకోవాల్సిందే.

అదే సీన్లో మాక్‌బెత్ బాంకోని రాత్రి విందుకి పిలుస్తూ ఎంత మామూలుగా మాట్లాడతాడో చూడండి. "మధ్యాహ్నం గుర్రం మీద బయటికి వెళ్తున్నారా? చాలా దూరమా?" ఇంకేవో రాజ్యం కబుర్లు. మళ్ళీ, "ఫ్లియాన్స్ కూడా మీతో వస్తున్నాడా?" ఫ్లియాన్స్ అంటే బాంకో కొడుకు. మూడు ప్రశ్నలు, మర్యాద మాటల మధ్య అక్కడక్కడా పొదిగి, హంతకులకి కావాల్సిన టైమూ, దూరమూ, కొడుకు ఉంటాడా లేడా అన్నదీ అన్నీ రాబట్టుకున్నాడు. పైగా, విందుకి తప్పకుండా రావాలి సుమా అంటాడు. బాంకో శవమై, దయ్యమై, మాట ప్రకారం వస్తాడు.

ఇక్కడే అతని నమ్మకంలో ఉన్న తిరకాసు బయటపడుతుంది. తన గురించి చెప్పింది విధి, కాబట్టి జరుగుతుంది. బాంకో గురించి చెప్పింది కూడా అదే నోరు, కానీ దాన్ని మాత్రం కత్తితో ఆపెయ్యొచ్చు అనుకుంటాడు. విధీ, రా గోదాలోకి, తేల్చుకుందాం అంటాడు. నచ్చిన జోస్యం విధి, నచ్చనిది సమస్య. జాతకం చూపించుకున్నాక మనమూ ఇంతే కదా, మంచి చెప్తే గ్రహబలం, చెడు చెప్తే శాంతి చేయిద్దాం. ఫ్లియాన్స్ తప్పించుకుంటాడు.

నాలుగో అంకంలో ఇంకో మార్పు ఉంది. మొదట వాళ్ళే ఇతని దారికి అడ్డం వచ్చారు, ఇప్పుడు ఇతనే వెతుక్కుంటూ వెళ్తాడు. చెప్పి తీరాలి అని దబాయిస్తాడు. మూడు రూపాలు లేస్తాయి. శిరస్త్రాణం పెట్టుకున్న తల, మాక్‌డఫ్‌తో జాగ్రత్త అంటుంది, మాక్‌డఫ్ అంటే ఇతనికి ఎదురు తిరిగిన స్కాట్లాండ్ ప్రభువు. రక్తంలో తడిసిన పసిబిడ్డ, ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చెయ్యలేడు అంటుంది. కిరీటం పెట్టుకుని చేతిలో చెట్టు పట్టుకున్న బిడ్డ, బర్నం అడవి డన్సినేన్ కొండ మీదకి కదిలి వచ్చేదాకా నీకు ఓటమి లేదు అంటుంది. మాక్‌బెత్ మాటలు విన్నాడు, బొమ్మలు చూడలేదు. రక్తంలో ఉన్న బిడ్డ ఎవరు? తల్లి కడుపు కోసి బయటికి తీసిన మాక్‌డఫ్. చెట్టు పట్టుకున్న బిడ్డ ఎవరు? మాక్‌బెత్ మీదకి దండెత్తి వస్తూ సైనికులందరి చేతా బర్నం అడవిలో కొమ్మలు నరికించి మోయించిన మాల్కమ్. ఆ ఒంటరి తల చివర్లో తెగిపడే తన తలే అనుకోవడానికీ వీలుంది. పొడుపుకథా దాని విప్పూ రెండూ ఒకేసారి కళ్ళముందు పెట్టారు, కావాల్సింది వినే తొందరలో ఉన్నవాడికి అవి కనపడలేదు. మోసం చేశారని తర్వాత గింజుకుంటాడు కానీ అక్షరం అబద్ధం చెప్పలేదు వాళ్ళు.

ఇది వినగానే మనవాళ్ళకి హిరణ్యకశిపుడు గుర్తొస్తాడు, పగలూ రాత్రీ కాకుండా, మనిషీ జంతువూ కాకుండా అని. దగ్గరే కానీ ఒక తేడా ఉంది, హిరణ్యకశిపుడు తపస్సు చేసి షరతులు తనే రాయించుకున్నాడు, కన్నం తన డ్రాఫ్టులోనే ఉంది. నాకు కంసుడే ఇంకా దగ్గరగా కనిపిస్తాడు. అశరీరవాణి ఎనిమిదో బిడ్డ అంది, మొదటి బిడ్డని వసుదేవుడు తెచ్చిస్తే కంసుడు, వీడు కాదుగా, తీసుకెళ్ళు అని తిరిగి ఇచ్చేశాడు. అంత సబబుగా మాట్లాడినవాడు నారదుడొచ్చి నాలుగు మాటలు చెప్పాక అందర్నీ చంపడం మొదలుపెట్టాడు. మాక్‌బెత్ కూడా రెండో జోస్యం వినగానే, అయితే మాక్‌డఫ్, బతుకు, నువ్వంటే నాకేం భయం అంటాడు. మరుక్షణమే, ఎందుకైనా మంచిది, నిన్నూ ఉంచను అంటాడు. నమ్మకం ఉన్నట్టా లేనట్టా? అంతలో మాక్‌డఫ్ ఇంగ్లండు పారిపోయాడని తెలిసి, ఇక నుంచి మనసులో పుట్టిందే చేతిలోకి రావాలి అంటూ కోటలో ఉన్న అతని భార్యనీ పిల్లల్నీ చంపిస్తాడు. దీనికి ఏ జోస్యమూ లేదు, ఏ లాభమూ లేదు, పిల్లల వల్ల ప్రమాదమూ లేదు. డంకన్‌ని చంపడానికి ముందు అంత మథనపడినవాడు ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆలోచించడు.

అసలు చరిత్రలో మాక్‌బెత్ ఇంత దుర్మార్గుడేమీ కాదు, 1040లో డంకన్‌ని నిద్రలో కాదు యుద్ధంలో ఓడించి చంపాడు, 1057 దాకా పదిహేడేళ్ళు ఏలాడు, మధ్యలో రోముకి యాత్ర వెళ్ళొచ్చేంత నిశ్చింతగా. డంకన్ కూడా ముసలివాడు కాదు. నాటకం చదివి స్కాట్లాండ్ చరిత్ర తెలిసిపోయిందనుకోకండి.

చివరికి వచ్చేద్దాం. అడవి కదిలింది, మాక్‌డఫ్ ఎదురొచ్చి తన పుట్టుక సంగతి చెప్పాడు. మాక్‌బెత్, రెండు అర్థాలతో ఆడుకునే ఈ పిశాచాల్ని ఇక నమ్మకూడదు, నీతో యుద్ధం చెయ్యను అంటాడు. అయితే లొంగిపో, నీ బొమ్మ గీసి కర్రకి కట్టి, కింద ఇక్కడ నిరంకుశుణ్ణి చూడొచ్చు అని రాసి ఊరంతా చూపిస్తాం అంటాడు మాక్‌డఫ్. అప్పుడు డాలు పట్టుకుని తిరుగుతాడు, అన్నీ పోయినా చివరిదాకా చూస్తాను అని. జోస్యం ధీమా లేకుండా, గెలుస్తానని ఎవరూ చెప్పకుండా, నాటకం మొదట్లో జరిగిన ఆ యుద్ధం తర్వాత అతను కత్తి తియ్యడం ఇదే. మొదటి అంకం రెండో సీన్లో అందరూ పొగిడిన ఆ యోధుడు కాసేపు మళ్ళీ కనిపిస్తాడు. నేను దీన్ని క్షమించమని అనడం లేదు, ఆ పిల్లల సీను తర్వాత క్షమించడం కష్టం. నటుడు మాత్రం దీన్ని వదులుకోకూడదు.

మాల్కమ్ రాజవుతాడు, తెర పడుతుంది. మరి బాంకో వంశం? ఫ్లియాన్స్ మూడో అంకంలో చీకట్లోకి పారిపోయినవాడు పారిపోయినట్టే, ఆ అంకం దాటాక అతని పేరెత్తేవాడే లేడు. నాటకంలో ఆ ఒక్క జోస్యం తీరనే లేదు. బాంకో మావాడే అని చెప్పుకునే జేమ్స్ గద్దె మీద ఉన్నాడు కాబట్టి 1606లో హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇబ్బంది లేదు, తీరిపోయిందనే అనుకుంటారు. తమాషా ఏంటంటే బాంకో అనేవాడు అసలు లేడనీ, తర్వాతి చరిత్రకారులు కల్పించిన మనిషనీ ఇప్పటి పండితులు అంటారు. ఆ ముక్క ఆ రోజు రాజుగారికి చెప్పే ధైర్యం ఎవరికి ఉండేదో నాకైతే తెలియదు. ప్రశ్నలుంటే అడగండి, ఆ మైకు ఒకసారి అటు ఇవ్వండి.